నొప్పి నివారణ మందులు – ఎలర్జీ ప్రతిస్పందనలు, ఉబ్బసం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

జ్వరానికీ ఒంటినొప్పులకూ నిత్యం వాడే మందులు కొందరు ఉబ్బస రోగులలో ప్రాణాపాయకరమైన ఆయాసాన్ని కలిగిస్తాయి. చాలామందిలో అవే మందులు ఏ హానీ చేయవు. ఈ తేడాకు కారణం రోగనిరోధక వ్యవస్థలోని కొన్ని రసాయన మార్గాలలో ఉంది. ఆస్పిరిన్ అసహనం ఎలా గుర్తింపు పొందింది, దాని వెనుక ఉన్న యంత్రాంగం ఏమిటి, నిజమైన ఎలర్జీకి అది ఎలా భిన్నమైనది, పారాసిటమాల్ వాడకం వల్ల పిల్లలలో ఉబ్బసం పెరుగుతుందన్న వాదంలో ఎంత బలముంది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. హిందూపురం, పరిగి, ధర్మవరం ప్రాంతపు వృత్తిజీవితాన్నీ, రాయలసీమ వైద్యచరిత్రలోని ఒక ఘట్టాన్నీ ఇందుకు నేపథ్యంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: ఉబ్బసం, ఆస్పిరిన్, పారాసిటమాల్, ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రయీన్లు, ఇయోసినోఫిల్ కణాలు, ఆరోగ్యవరం, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారికి ఉబ్బసం కొత్త వ్యాధి కాదు. ఆయుర్వేదం శ్వాసరోగాన్ని మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస అని అయిదు విధాలుగా విభజించింది. వీటిలో తమకశ్వాస లక్షణాలు నేటి ఉబ్బసానికి దగ్గరగా ఉంటాయి. ఏటా మృగశిర కార్తె ప్రవేశించే వేళ హైదరాబాదులో చేపప్రసాదం కోసం బారులు తీరే వేలాది జనాన్ని చూస్తే ఈ వ్యాధి సమాజాన్ని ఎంతగా పీడిస్తున్నదో అర్థమవుతుంది. "ఉబ్బసాన్ని ఏ మందు తగ్గిస్తుంది?" అన్న ప్రశ్న తరతరాలుగా వినబడుతూనే ఉంది. "ఉబ్బసాన్ని ఏ మందు రేపుతుంది?" అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినబడుతుంది. ఈ రెండవ ప్రశ్నే ప్రస్తుత వ్యాసానికి ఆధారం.

నొప్పి మాత్రలు తెలుగునేలకు కేవలం వాడుక వస్తువులు కావు, ఉత్పత్తులు కూడా. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే గ్రాన్యూల్స్ ఇండియా పారాసిటమాల్ తయారీలోను, దివీస్ లేబొరేటరీస్ నాప్రోక్సెన్ తయారీలోను అంతర్జాతీయ స్థాయిని అందుకున్నాయి. ప్రపంచానికి ఈ మందులను అందించే ప్రాంతంలో వాటి గుణదోషాల గురించిన చర్చ తెలుగులో జరగవలసిన అవసరం ఉంది.

2. రాయలసీమ నేపథ్యం:

2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుండి వేరుపడి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, పరిగి ప్రాంతాలున్నాయి. వేరుశనగ సాగు, మల్బరీ తోటలు, పట్టుపురుగుల పెంపకం, ధర్మవరం పట్టుచీరల నేత ఇక్కడి ప్రధాన జీవనాధారాలు. ఈ వృత్తులకు వ్యాసవిషయంతో రెండు విధాల సంబంధం ఉంది.

మొదటిది శ్వాసకు సంబంధించినది. పట్టుపురుగు సీతాకోకచిలుక రెక్కల పొలుసులు, పట్టుగూళ్ళ నుండి దారం తీసేటప్పుడు వెలువడే మాంసకృత్తులు ఎలర్జీ కారకాలని వైద్యశాస్త్రం గుర్తించింది. కర్ణాటకలోని పట్టుదారం తీసే కేంద్రాలలో పనిచేసేవారిలో వృత్తిజన్య ఉబ్బసాన్ని గురించిన అధ్యయనం 1985లోనే వెలువడింది. బంజరు భూములలోను, రోడ్ల పక్కన విస్తారంగా పెరిగే వయ్యారిభామ పుప్పొడి కూడా ముక్కు కారడం, తుమ్ములు, ఆయాసం వంటి బాధలకు కారణమవుతుంది.

రెండవది నొప్పికి సంబంధించినది. గుంటమగ్గం ముందు గంటల తరబడి వంగి కూర్చునే నేతపనిలోను, కలుపు తీత, వేరుశనగ కోత వంటి పొలం పనులలోను నడుము, మోకాలు, మెడ నొప్పులు సహజం. 2006లో అనంతపురం జిల్లాతో సహా రాయలసీమ అంతటా వ్యాపించిన చికున్‌గున్యా జ్వరం కీళ్ళనొప్పులను నెలల తరబడి మిగిల్చింది. ఇటువంటి బాధలకు పల్లెల్లో మొదటి ఆశ్రయం మందుల దుకాణంలో దొరికే నొప్పి మాత్ర, లేదా ఆర్‌ఎంపీ వేసే సూది. ఎలర్జీ కారకాల మధ్య, నొప్పుల మధ్య ఏకకాలంలో జీవించే జనానికి ఈ రెండింటి సంబంధం తెలియడం ఆవశ్యకం.

ఈ ప్రాంతపు వైద్యచరిత్రలో ఇక్కడ స్మరించదగిన ఘట్టం ఒకటుంది. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయంలో పనిచేసిన క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్, బార్టన్ అనే వైద్యులు 1940లో ఒక విలక్షణమైన స్థితిని వర్ణించారు. రోగుల లక్షణాలు క్షయను పోలి ఉన్నాయి. కాని రక్తంలో ఇయోసినోఫిల్ అనే తెల్లరక్తకణాలు విపరీతంగా పెరిగి ఉన్నాయి. రాత్రివేళ దగ్గు, ఉబ్బసం వంటి ఆయాసం ఈ వ్యాధి లక్షణాలు. 1943లో వైన్‌గార్టెన్ దీనికి 'ట్రాపికల్ ఇయోసినోఫీలియా' అని పేరు పెట్టాడు. బోదవ్యాధి క్రిములకు శరీరం చూపే తీవ్ర ప్రతిస్పందనే దీనికి మూలమని తరువాత తేలింది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన డైఇథైల్ కార్బమజీన్ దీనికి ప్రధాన ఔషధమైంది. పిల్లికూతలతో కూడిన ఆయాసమంతా ఒకే వ్యాధి కాదని, కారణాన్ని బట్టి చికిత్స మారుతుందని ఈ ఉదంతం నిరూపించింది. నొప్పి మాత్రల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

3. ఆస్పిరిన్ అసహనం – చారిత్రక పరిణామం:

జర్మనీకి చెందిన బేయర్ సంస్థ 1899లో ఆస్పిరిన్‌ను విపణిలోకి తెచ్చింది. కొద్దికాలంలోనే దాని వల్ల కొందరిలో తీవ్ర ప్రతిచర్యలు కలుగుతున్నట్లు వైద్యులు గమనించారు. 1922లో ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ విడాల్, ఆయన సహచరులు ఉబ్బసం, ముక్కులో పెరిగే మెత్తని కండలు, ఆస్పిరిన్ అసహనం అనే మూడూ ఒకే వ్యక్తిలో కలిసి కనిపించడాన్ని నమోదు చేశారు. 1968లో అమెరికాలో మాక్స్ సామ్టర్, రే బీర్స్ ఈ మూడింటి కలయికను సమగ్రంగా వర్ణించడంతో అది 'సామ్టర్ త్రయం'గా ప్రసిద్ధి పొందింది.

ఈ వ్యాధి గమనం విశిష్టమైనది. సాధారణంగా ముప్పై ఏళ్ళ ప్రాయంలో ఎడతెగని జలుబుతో మొదలవుతుంది. క్రమంగా వాసన తెలియకుండా పోతుంది. ముక్కులో కండలు పెరుగుతాయి, శస్త్రచికిత్సతో తొలగించినా మళ్ళీ వస్తాయి. తరువాత ఉబ్బసం తోడవుతుంది. నొప్పి మాత్ర వేసుకున్న అరగంట నుండి మూడు గంటల లోపు ముక్కు దిబ్బడ, కళ్ళు ఎర్రబడడం, ఛాతీ బిగుసుకుపోవడం, తీవ్రమైన ఆయాసం కలుగుతాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మాత్ర ఈ వ్యాధిని సృష్టించదు, ఉన్న వ్యాధిని బయటపెడుతుంది. నొప్పి మాత్రలను పూర్తిగా మానివేసినా ముక్కు, ఊపిరితిత్తుల వాపు కొనసాగడమే ఇందుకు నిదర్శనం.

ఈ అసహనం ఎంతమందిలో ఉంటుందన్న ప్రశ్నకు అధ్యయన పద్ధతిని బట్టి సమాధానం మారుతుంది. 2004లో వెలువడిన ఒక క్రమబద్ధ సమీక్ష, నోటి ద్వారా మందు ఇచ్చి చేసిన పరీక్షల ఆధారంగా ఉబ్బసమున్న పెద్దలలో 21 శాతం, పిల్లలలో 5 శాతం అని లెక్కించింది. 2015 నాటి మరొక విశ్లేషణ పెద్దలలో సుమారు 7 శాతం, తీవ్ర ఉబ్బసం ఉన్నవారిలో సుమారు 15 శాతం అని తేల్చింది. పరీక్షకు ఎంపికైన రోగుల స్వభావం, పరీక్ష విధానం వేరు కావడం ఈ అంతరానికి ముఖ్య కారణం. ఏ లెక్క తీసుకున్నా ఉబ్బస రోగులలో అత్యధికులు ఈ మందులను సహించగలరన్నది స్పష్టం.

4. అంతర్గత యంత్రాంగం:

ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ వివరించాడు. కణత్వచంలోని కొవ్వు పదార్థాల నుండి అరాకిడోనిక్ ఆమ్లం విడుదలవుతుంది. సైక్లోఆక్సిజనేజ్ అనే ఎంజైము దానిని ప్రోస్టాగ్లాండిన్లుగా మారుస్తుంది. నొప్పికి, జ్వరానికి, వాపుకు ఇవే దోహదం చేస్తాయి. ఆస్పిరిన్ ఈ ఎంజైమును అడ్డుకుంటుంది. ఈ పరిశోధనలకు వేన్, బెర్గ్‌స్ట్రామ్, సామ్యూల్సన్‌లు 1982లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

అరాకిడోనిక్ ఆమ్లానికి రెండో దారి కూడా ఉంది. 5-లైపాక్సిజనేజ్ అనే ఎంజైము దానిని ల్యూకోట్రయీన్లుగా మారుస్తుంది. వీటిలో సిస్టీనిల్ ల్యూకోట్రయీన్లు శ్వాసనాళాల కండరాలను బలంగా సంకోచింపజేస్తాయి, శ్లేష్మాన్ని పెంచుతాయి, ఇయోసినోఫిల్ కణాలను ఆకర్షిస్తాయి. 1975లో పోలెండుకు చెందిన ఆండ్రే షెక్లిక్ బృందం ఒక ముఖ్య విషయాన్ని గుర్తించింది. సైక్లోఆక్సిజనేజ్‌ను అడ్డుకునే శక్తి ఏ మందుకు ఎంత ఉందో, ఈ రోగులలో ఆయాసాన్ని రేపే శక్తి కూడా దానికి అంత ఉంటుంది.

మొదటి దారి మూసుకుపోతే ముడిపదార్థం రెండో దారికి మళ్ళుతుందన్న వివరణ ప్రచారంలో ఉంది. సులభంగా అర్థమైనా ఇది అసంపూర్ణం. అదే నిజమైతే ఆస్పిరిన్ వేసుకున్న ప్రతివారికీ ఆయాసం రావాలి. అలా రాదు. ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే రసాయనం మాస్ట్ కణాలను శాంతపరుస్తుంది, 5-లైపాక్సిజనేజ్‌ను అదుపులో ఉంచుతుంది. ఆరోగ్యవంతులలో ఈ అదుపు కొంత సడలినా ఇబ్బంది ఉండదు. ఆస్పిరిన్ అసహనం ఉన్నవారి శ్వాసనాళాలలో మాత్రం ల్యూకోట్రయీన్ల తయారీ ముందే హెచ్చుగా సాగుతుంటుంది. ల్యూకోట్రయీన్ సి4 సింథేజ్ అనే ఎంజైము గల ఇయోసినోఫిల్ కణాలు ఎక్కువగా ఉంటాయి. తెల్లరక్తకణాలకు అంటుకొన్న ప్లేట్‌లెట్లు కూడా ఈ తయారీకి తోడ్పడతాయి. పైగా ప్రోస్టాగ్లాండిన్ ఇ2 రక్షణ ముందే బలహీనంగా ఉంటుంది. మిగిలిన ఆ కొద్దిపాటి రక్షణను మాత్ర తొలగించగానే మాస్ట్ కణాలు చైతన్యం పొంది ల్యూకోట్రయీన్లను, ప్రోస్టాగ్లాండిన్ డి2ను కుమ్మరిస్తాయి. ఈ రోగుల మూత్రంలో ల్యూకోట్రయీన్ ఇ4 సాధారణ స్థితిలోనే ఎక్కువగా ఉండి, ఆస్పిరిన్ తరువాత మరింత పెరగడం ఈ వివరణను బలపరుస్తున్నది.

5. ఎలర్జీకి, అసహనానికి గల భేదం:

సామాన్య వ్యవహారంలో "ఆ మాత్ర నాకు ఎలర్జీ" అనే మాట అన్ని ప్రతిచర్యలకూ వర్తిస్తుంది. శాస్త్రరీత్యా ఇందులో రెండు భిన్న స్థితులున్నాయి.

మొదటిది పైన వివరించిన అసహనం. ఇందులో ఐజీఈ ప్రతిదేహాల ప్రమేయం ప్రధానం కాదు. రసాయన నిర్మాణంలో పోలిక లేకపోయినా సైక్లోఆక్సిజనేజ్-1ను అడ్డుకునే మందులన్నీ దాదాపు ఒకే ఫలితాన్నిస్తాయి. 2004 నాటి సమీక్ష ప్రకారం ఆస్పిరిన్ పడనివారిలో ఇబుప్రొఫెన్ 98 శాతం మందికి, డైక్లోఫెనాక్ 93 శాతం మందికి, నాప్రోక్సెన్ పరీక్షించిన వారందరికీ పడలేదు. పారాసిటమాల్ పడనివారు 7 శాతం మాత్రమే.

రెండవది నిజమైన ఎలర్జీకి దగ్గరైనది. ఇందులో ఒక నిర్దిష్టమైన మందుకు మాత్రమే దద్దుర్లు, పెదవులు, కనురెప్పల వాపు, రక్తపోటు పడిపోవడం వంటి ప్రతిచర్యలు కలుగుతాయి. నిర్మాణంలో దానితో పోలిక లేని ఇతర నొప్పి మందులు సరిపడతాయి. ఉబ్బసం, ముక్కు కండలు ఉండనవసరం లేదు.

ఈ భేదం ఆచరణలో కీలకమైనది. మొదటి వర్గపు రోగికి డైక్లోఫెనాక్ పడలేదని తెలిసి ఇబుప్రొఫెన్ ఇస్తే ప్రమాదం పునరావృతమవుతుంది. రెండవ వర్గపు రోగికి అన్ని నొప్పి మందులనూ నిషేధిస్తే అనవసరమైన బాధ మిగులుతుంది.

6. ఎలర్జీ ప్రతిస్పందనపై ప్రభావం:

అసహనం లేనివారిలో ఈ మందులు ఎలర్జీ స్వభావాన్ని మారుస్తాయా అన్నది వేరొక ప్రశ్న. ప్రోస్టాగ్లాండిన్లన్నీ ఒకే దిశలో పనిచేయవు. ప్రోస్టాగ్లాండిన్ డి2 ఎలర్జీ కణాలను ఉసిగొల్పుతుంది. ప్రోస్టాగ్లాండిన్ ఇ2, ఐ2లు అనేక సందర్భాలలో వాటిని నిగ్రహిస్తాయి. ఎలర్జీ కారకానికి అలవాటు చేసిన ఎలుకలకు ఇండోమెథాసిన్ ఇచ్చినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-5, ఇంటర్‌ల్యూకిన్-13 పెరిగి ఊపిరితిత్తుల వాపు హెచ్చింది. అనగా సైక్లోఆక్సిజనేజ్ నిరోధం ఎలర్జీ వైపు మొగ్గును పెంచే అవకాశం ఉంది.

అయితే ప్రయోగశాల ఫలితాన్ని మానవులకు నేరుగా అన్వయించడం ప్రమాదకరం. ప్రోస్టాగ్లాండిన్ డి2 గ్రాహకాన్ని అడ్డుకొని ఉబ్బసాన్ని అదుపు చేయాలని రూపొందించిన ఫెవిపిప్రాంట్ అనే మందు యంత్రాంగం రీత్యా ఎంతో ఆశాజనకంగా కనిపించింది. కాని మూడో దశ పరీక్షలలో ఆశించిన ఫలితం ఇవ్వక 2019లో ఉబ్బస చికిత్సలో దాని అభివృద్ధి నిలిచిపోయింది.

మానవులలో స్పష్టంగా నిరూపితమైన ప్రభావం 'సహకారకం'గా పనిచేయడం. గోధుమలోని ఒమెగా-5 గ్లయడిన్ పడనివారు కొందరు రొట్టె తిని ఊరకుంటే ఏమీ కాదు. తిన్న తరువాత కష్టమైన శారీరక శ్రమ చేసినా, ఆస్పిరిన్ వేసుకున్నా తీవ్రమైన ఎలర్జీ ఘాతం కలుగుతుంది. ఆస్పిరిన్ వల్ల పేగుల నుండి ఆ మాంసకృత్తు రక్తంలోకి ఎక్కువగా చేరడం ఇందుకు ఒక కారణం. తిండి, శ్రమ, మాత్ర మూడింటినీ కలిపి ప్రశ్నిస్తే తప్ప ఇటువంటి రోగ మూలం బయటపడదు.

7. పారాసిటమాల్ వివాదం:

1980వ దశకంలో పిల్లలలో ఆస్పిరిన్‌కు, రై సిండ్రోమ్ అనే ప్రాణాంతక వ్యాధికి సంబంధం బయటపడడంతో పిల్లల జ్వరానికి పారాసిటమాల్ ప్రధాన ఔషధమైంది. అదే కాలంలో అనేక దేశాలలో బాల్య ఉబ్బసం పెరిగింది. ఈ రెండింటికీ సంబంధం ఉందేమోనన్న ఊహ 1998లో వెలువడింది. పారాసిటమాల్ శరీరంలోని గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థాన్ని తగ్గిస్తుందని, తద్వారా ఊపిరితిత్తులు ఆక్సీకరణ ఒత్తిడికి గురవుతాయని కొందరు పరిశోధకులు వాదించారు.

2008లో 'ఇసాక్' అంతర్జాతీయ అధ్యయనం 31 దేశాలలోని 73 కేంద్రాల నుండి 6–7 ఏళ్ళ పిల్లలు 2,05,487 మంది సమాచారాన్ని విశ్లేషించింది. మొదటి ఏడాది జ్వరానికి పారాసిటమాల్ వాడినవారిలో ఉబ్బస లక్షణాలు ఉండే సంభావ్యతా నిష్పత్తి 1.46 అని తేల్చింది. అంకె పెద్దదే అయినా ఇది సంబంధాన్ని సూచిస్తుంది గాని కారణాన్ని నిరూపించదు. శైశవంలో తరచు శ్వాసకోశ ఇన్ఫెక్షన్లకు గురయ్యే పిల్లలకు జ్వరమందు ఎక్కువగా వేస్తారు. అటువంటి పిల్లలకే తరువాత ఉబ్బసం వచ్చే అవకాశం ఎక్కువ. మందు ఇక్కడ కారణం కాక, కారణానికి గుర్తు మాత్రమే కావచ్చు.

ఈ సందేహాన్ని తీర్చే దిశగా 2016లో అమెరికాలో ఒక యాదృచ్ఛిక పరీక్ష ఫలితాలు వచ్చాయి. 1–5 ఏళ్ళ వయసులో తేలికపాటి ఉబ్బసమున్న 300 మంది పిల్లలలో జ్వరం, నొప్పి వచ్చినప్పుడు కొందరికి పారాసిటమాల్, కొందరికి ఇబుప్రొఫెన్ ఇచ్చారు. 46 వారాలలో ఉబ్బసం ఉధృతమైన సందర్భాల సగటు పారాసిటమాల్ వర్గంలో 0.81, ఇబుప్రొఫెన్ వర్గంలో 0.87. ఈ అంతరం గణాంకరీత్యా విలువైనది కాదు. ఉబ్బసమున్న పిల్లలకు పారాసిటమాల్ ఇబుప్రొఫెన్ కంటే హానికరం కాదని ఈ పరీక్ష చెప్పింది. మందులేని మాత్రతో పోల్చిన వర్గం లేనందున రెండింటికీ ఏ ప్రభావమూ లేదని మాత్రం చెప్పలేదు. శైశవంలో మందు వాడకం కొత్తగా ఉబ్బసాన్ని కలిగిస్తుందా అన్న ప్రశ్న కూడా దీని పరిధిలో లేదు.

8. మందుల ఎంపిక – ఆచరణ:

పైన చర్చించిన అంశాల నుండి కొన్ని ఆచరణ సూత్రాలు లభిస్తాయి. ఆస్పిరిన్ గాని, అదే వర్గపు మరొక మందు గాని వేసుకున్నాక ఆయాసం వచ్చిన అనుభవం ఉన్నవారు డిస్ప్రిన్, బ్రూఫెన్, వోవెరాన్ వంటి పేర్లన్నింటినీ ఒకే కుటుంబంగా భావించాలి. కాంబిఫ్లామ్ వంటి మిశ్రమ మాత్రలో పారాసిటమాల్‌తో పాటు ఇబుప్రొఫెన్ ఉంటుంది. కాబట్టి పైపేరు గాక అట్టపై చిన్న అక్షరాలలో ఉండే మందు పేరు చదవడం అవసరం. గుండె జబ్బుకు ఇచ్చే తక్కువ మోతాదు ఆస్పిరిన్ కూడా ఈ వర్గానికే చెందుతుంది. సూది రూపంలో ఇచ్చినా ప్రమాదం తగ్గదు.

ఇటువంటివారికి పారాసిటమాల్ సాధారణంగా సురక్షితం. అయితే 1995 నాటి ఒక అధ్యయనంలో ఒకేసారి 1000 నుండి 1500 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు ఆస్పిరిన్ పడని ఉబ్బస రోగులలో 34 శాతం మందికి ప్రతిచర్య కలిగింది. అందులో ఎక్కువ భాగం తేలికపాటివే. కనుక ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు మించకుండా ప్రారంభించడం మేలు. సైక్లోఆక్సిజనేజ్-2ను మాత్రమే అడ్డుకునే సెలికాక్సిబ్ వంటి మందులు ఈ రోగులలో అత్యధికులకు సరిపడతాయి. మొదటి మోతాదు వైద్య పర్యవేక్షణలో తీసుకోవడం ఉచితం. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళలోపు పిల్లలకు వాడరాదని భారత ప్రభుత్వం 2011లో నిషేధించిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

అసహనం ఉందో లేదో నిర్ధారించే రక్తపరీక్ష లేదు. ఆసుపత్రిలో స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి జాగ్రత్తగా పెంచే పరీక్షే ప్రమాణం. దానిని ఇంట్లో ప్రయత్నించరాదు. ఇదే పద్ధతిని కొనసాగించి రోజూ ఆస్పిరిన్ ఇస్తూ శరీరాన్ని అలవాటు చేసే చికిత్స కూడా ఉంది. ల్యూకోట్రయీన్లను అడ్డుకునే మాంటెలుకాస్ట్ కొంత ఉపశమనాన్నిస్తుంది గాని, పడని మాత్రను నిర్భయంగా వేసుకునే అనుమతిని ఇవ్వదు.

9. ముగింపు:

• నొప్పి మాత్రల వల్ల కలిగే ఆయాసం ఎక్కువగా ఐజీఈ సంబంధమైన ఎలర్జీ కాదు. ప్రోస్టాగ్లాండిన్ ఇ2 రక్షణ తొలగి ల్యూకోట్రయీన్లు విజృంభించడం దానికి మూలం.

• ఉబ్బసమున్న ప్రతివారూ నొప్పి మందులకు దూరంగా ఉండాలన్న అభిప్రాయం శాస్త్రసమ్మతం కాదు. ముక్కు కండలు, వాసన తెలియకపోవడం, పెద్దవయసులో మొదలైన తీవ్ర ఉబ్బసం ఉన్నవారు ప్రత్యేకంగా జాగ్రత్త వహించాలి.

• పారాసిటమాల్ బాల్య ఉబ్బసానికి కారణమన్న వాదం నిరూపితం కాలేదు. పరిశీలనాత్మక అధ్యయనాలలోని సంబంధాన్ని కారణంగా భావించరాదు.

• పట్టుపరిశ్రమ, చేనేత, వ్యవసాయం కలగలిసిన హిందూపురం, పరిగి, ధర్మవరం ప్రాంతంలో వృత్తిజన్య ఎలర్జీలనూ నొప్పి మందుల వాడకాన్నీ కలిపి పరిశీలించే క్షేత్ర పరిశోధనకు విస్తారమైన అవకాశం ఉంది.

1940లో ఆరోగ్యవరం వైద్యులు క్షయలా కనిపించిన వ్యాధిని క్షయ కాదని గుర్తించగలిగారంటే, రోగి రక్తపరీక్షను నిశితంగా గమనించడమే కారణం. నేడు ఆయాసంతో వచ్చిన రోగిని "గత మూడు గంటలలో ఏ మాత్ర వేసుకున్నావు?" అని అడగడం కూడా అటువంటి పరిశీలనే. ఖర్చులేని ఆ ప్రశ్న ఒక ప్రాణాన్ని నిలబెట్టగలదు.